ప్రార్థనలో విన్న మాట

ఏళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. అన్నం తింటూనే ఉన్నాను, చర్చిలో పాటలు పాడుతూనే ఉన్నాను, ఆఫీసుకు వెళ్లి వస్తూనే ఉన్నాను. ఆ మాట మాత్రం కదల్లేదు. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర నోరు విప్పే ధైర్యం మొన్నటిదాకా లేకపోయింది.

ముందే ఒక సంగతి. నన్ను మంచిదాన్ని అనుకుంటూ చదవకండి. అలా అనుకునేవాళ్లు నా చుట్టూ ఇప్పటికే చాలామంది ఉన్నారు. వాళ్లతోనే వేగలేకపోతున్నాను.

గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. మాది గుంటూరు వైపు. పెళ్లయ్యాక చందానగర్‌లో స్థిరపడ్డాం. పుట్టినప్పటి నుంచీ క్రైస్తవులమే. ఆదివారం అందరూ భక్తులేనమ్మా, ఎవరేమిటో సోమవారం పనిలో తెలుస్తుంది అని మా నాన్న అంటూ ఉండేవాడు. ఆ మాట పట్టుకునే ఉద్యోగంలో చేరాను. పట్టుకున్నానని కాస్త గర్వం కూడా ఉండేది. కాస్త కాదులెండి, బాగానే ఉండేది.

ఒకసారి మా మేనేజర్, పని చేయని గంటల్లో కూడా చేసినట్టు క్లయింటుకు చూపించమన్నాడు. చూపించనన్నాను. ఆయన కోప్పడ్డాడు, తర్వాత తగ్గాడు, ఆ తర్వాత నన్ను నమ్మడం మొదలుపెట్టాడు. ఆవిడ చెప్పిందంటే ఇక రెండో మాట అడగక్కర్లేదని నలుగురిలో అనేవాడు. ఒక ఆదివారం మా సంఘంలో లేచి నిలబడి ఆ సంగతి సాక్ష్యంగా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నాకు చాలా బాగా అనిపించింది. ఆ రోజు నేను దేవుని గురించి చెప్పానా, నా గురించి చెప్పుకున్నానా? అప్పట్లో ఈ ప్రశ్న తట్టలేదు.

మా అంతస్తులో క్రైస్తవులం కొద్దిమందిమే. వారానికోసారి మధ్యాహ్నం భోజనాల వేళ ఏదో ఒక చిన్న మీటింగ్ గది ఖాళీగా దొరికితే అందులో కలిసి ప్రార్థించుకునేవాళ్లం. పాట గొంతు తగ్గించి పాడేవాళ్లం. గది కావాలని ఎవరో తలుపు తట్టేలోపు ముగించేవాళ్లం. ఎవరి ప్రార్థన విన్నపం వాళ్లు చెప్పుకునేవారు. అమ్మ ఆపరేషను, పిల్లల చదువు, తాగే మరిది, కుదరని సంబంధం. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోనివి అక్కడ చెప్పుకునేవాళ్లు. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు, అందరికీ తెలిసిన విషయమే. ఆ కూడిక నడిపేది నేను.

సలోమి నా టీములోనే పనిచేసేది. సంగారెడ్డి వైపు పిల్ల. భర్త ఒక స్కూల్లో ఆటల సారు. మూసాపేటలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు. పని చక్కగా చేసేది, చేసినదాని గురించి ఎవరికీ చెప్పుకోవడం రాదు. నన్ను అక్కా అని పిలిచేది. ఆఫీసులో అందరూ అందరినీ పేరు పెట్టి పిలుచుకునే చోట ఆ పిలుపు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. నాకు చెల్లెళ్లు లేరు.

పెళ్లయి చాలా ఏళ్లయినా ఆమెకు పిల్లలు లేరు. అత్తగారి సూటిపోటి మాటలు, చుట్టాల పెళ్లిళ్లలో జాలిచూపులు, మందులు, పరీక్షలు, అన్నీ నాకు తెలుసు. అవన్నీ కూడికలో నేను ప్రార్థించినవే. ఒక రోజు అందరూ వెళ్లిపోయాక సలోమి ఆగింది. తలుపు వేసి వచ్చి నా పక్కన కూర్చుంది. నవ్వుతోంది, కళ్లు మాత్రం నిండి ఉన్నాయి.

"నెల తప్పింది అక్కా. డాక్టరమ్మ చూసింది. మా ఆయనకు, నీకు తప్ప ఎవ్వరికీ తెల్వదు. మా అత్తమ్మకు గూడ చెప్పలే. మూడు నెలలు దాటేదాక ఎవ్వరికీ చెప్పకు. జర ప్రార్థన చెయ్యి."

నేను ఏడ్చేశాను. ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. ఆ ప్రార్థన నిజమైనది. మిగతాదేదీ నమ్మకపోయినా ఇది నమ్మండి.

ఆ తర్వాత కొద్దిరోజులకే మా మేనేజర్ నన్ను తన గదిలోకి పిలిచాడు. పని తగ్గింది, ప్రతి టీము నుంచి ఒకరిని ఉద్యోగంలోంచి తీసేయాలని పైనుంచి మాట వచ్చింది. పేరు మీరే చెప్పండి అన్నాడు. అందరూ బాగా చేసేవాళ్లే అన్నాను. ఆయన నవ్వాడు. అలా అయితే ఆ టీముకు మళ్లీ లీడ్ ఎందుకని పైవాళ్లు అడుగుతారండీ అన్నాడు. అంటే పోయేది నేను. మా ఆయనకు అప్పటికి ఉద్యోగం లేదు. గదికి నాలుగు వైపులా అద్దాలు. బయట నా టీము వాళ్లంతా కనబడుతున్నారు. సలోమి పక్క సీటులోని లలితతో ఏదో చెబుతూ నవ్వుతోంది.

ఆయన ఒక్కొక్క పేరూ చదువుతూ పోయాడు. సలోమి పేరు దగ్గరికి వచ్చాడు. ఈమె బాగానే చేస్తుంది కదా, ఈమెను ఉంచుదాం అని ఆయనే అన్నాడు. గమనించారా? ఆయనే అన్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"సలోమి ఎలాగూ కొన్ని నెలల్లో లాంగ్ లీవ్ మీద వెళ్తుంది సార్."

ఆయన తలెత్తి చూశాడు. మీకెలా తెలుసు అని అడిగాడు. తనే చెప్పిందన్నాను. ఇది ఎవరితోనూ అనకండి అని కూడా అన్నాను. చూశారా నా జాగ్రత్త. ఆయన మరేమీ అడగలేదు. నేను చెప్పానంటే రెండో మాట అడగక్కర్లేదు కదా.

ఆ రోజు నుంచి నన్ను నేను ఎన్ని విధాలుగా సమాధానపరచుకున్నానో. నేను ఆమెను తీసేయమనలేదు, ఒక సంగతి చెప్పానంతే. చెప్పింది అబద్ధం కాదు. అన్యాయంగా తీసేసింది కంపెనీ, అడిగింది మేనేజరు, నేను మధ్యలో ఉన్నదాన్ని. నేను చెప్పకపోతే ఇంకొకరెవరో పోయేవారు, వాళ్లకూ ఇల్లూ వాకిలీ ఉండవా? ఇలా తిప్పి తిప్పి అనుకున్నాను. కానీ ఎటు తిప్పినా ఒకచోటికే వచ్చి ఆగుతాను. ఆ సంగతి నాకు ఎక్కడ తెలిసింది? ప్రార్థనలో. దేవునికి చెప్పుకుందామని ఆమె తెచ్చినదాన్ని తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాను, నా కుర్చీ కాపాడుకోవడానికి. కంచే చేను మేయడమంటే ఇదే. అబద్ధం ఆడనిదాన్నని పేరు తెచ్చుకుని, ఆ పేరు పెట్టుబడిగా ఒక నిజాన్ని అమ్ముకున్నాను.

ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. సలోమి నా దగ్గరికే వచ్చింది. ఇంకెవరి దగ్గరికి వెళ్తుంది?

"అక్కా, ఎవరెవరినో తీసేస్తున్నరంట. కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్నదని డెలివరీకి మంచి దవాఖాన చూసుకున్నం. ఈ టైంల జాబ్ పోతే ఎట్ల? ప్రార్థన చెయ్యి అక్కా."

ఆమె రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. కళ్లు మూసుకున్నాను. ఏమని ప్రార్థించాను? ప్రభువా, ఈ బిడ్డ విషయంలో నీ చిత్తమే జరగనీ అని. నేను చేసినదాన్ని ఆయన మీదికి నెట్టేశాను. ఆమె ఆమేన్ అంది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. ఆ ఒక్క క్షణం చాలు, నన్ను ఏ నరకానికి పంపినా నోరెత్తకుండా వెళ్లడానికి.

ఇక లలిత గురించి చెప్పాలి. కడప అమ్మాయి. శుక్రవారం గుడికి వెళ్లనిదే ఆఫీసుకు రాదు. సలోమికీ ఆమెకూ మంచి జత. ఒకే బాక్సులో తినేవాళ్లు. సలోమికి కడుపులో తిప్పుతుంటే ఏమీ అడక్కుండా రోజూ నిమ్మకాయ ఊరగాయ తెచ్చిపెట్టింది. వాష్‌రూంలో వాంతి చేసుకుంటుంటే వీపు నిమిరింది. ఏమ్మే, విశేషమా అని ఒక్కసారి అడిగితే సలోమి నవ్వి ఊరుకుంది. అంతే. లలిత మళ్లీ అడగలేదు, ఎవరితోనూ అనలేదు.

సలోమిని పిలిచి చెప్పేసిన రోజు, ఆమె లిఫ్టు వైపు వెళ్లకుండా వెనక మెట్ల దారిలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. మెట్ల మీద కూర్చుని ఉంది. మెడలో ఐడీ కార్డు లేదు.

"అయిపోయింది అక్కా. కార్డు గూడ తీసుకున్నరు."

పక్కన కూర్చున్నాను.

"సార్ ఏమన్నడో ఎర్కేనా? మీకు గూడ ఇప్పుడు రెస్ట్ కావాలె గదా అన్నడు. ఆయనకెట్ల తెలిసింది అక్కా?"

"ఏమో" అన్నాను.

"లలితనే చెప్పుంటది. నేను వాంతి చేసుకుంటుంటే చూసింది. విశేషమా అని గూడ అడిగింది. ఆమెనే. ఇంకెవరు చెప్తరు? నువ్వైతే చెప్పవు."

నువ్వైతే చెప్పవు. మీరు చెప్పండి, ఆ మాట విన్నాక మనిషన్నవాళ్లు ఎవరైనా ఊరుకుంటారా? నేను ఊరుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు.

"క్షమించెయ్ సలోమీ" అన్నాను. "మనం క్షమించాలి. మిగతాది ప్రభువు చూసుకుంటాడు."

"ఇంత జల్ది ఎట్ల క్షమిస్త అక్కా? ఆమెకు నేనేం జేసిన?"

"మనసులో ద్వేషం పెట్టుకోకమ్మా, ఒంటికి మంచిది కాదు. ప్రార్థన చేద్దాం."

చేశాను కూడా. లలిత పేరు పెట్టి, ఆమెను క్షమించే మనసు సలోమికి ఇవ్వమని ప్రార్థించాను. లలిత చెప్పిందని నేను అనలేదు. అనాల్సిన పనేముంది? క్షమించమన్నాను, చాలదా? ఇంతకంటే నీచమైన పని దొంగలు కూడా చేయరు. వాళ్లు పక్కవాడి మీదికి తోస్తారేమో కానీ, వాడి కోసం ప్రార్థన చేయరు.

లలిత వారం పదిరోజులు చూసి నా దగ్గరికి వచ్చింది. "సలోమి నా ఫోను ఎత్తడంల్యా అక్కా. నేనేమన్నా తప్పు జేసినానా? నీకేమన్నా చెప్పిందా?" అని అడిగింది. ఆమెకు మనసు బాగోలేదు, కొన్నాళ్లు వదిలెయ్ అన్నాను. లలిత తల ఊపి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత చాలాకాలం భోజనాల వేళ ఒక్కతే కూర్చుని తినేది. నేను తేలు కుట్టిన దొంగలా వేరే బల్ల చూసుకునేదాన్ని.

మూడు నెలలు దాటలేదు. ఒక పొద్దున సలోమి భర్త ఫోను చేశాడు. సర్కారు దవాఖానకు తీసుకెళ్లారట, బిడ్డ నిలవలేదట. నేను మూసాపేట వెళ్లేసరికి ఇంటికి తెచ్చేశారు. సలోమి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వాళ్ల అత్తగారు వాకిట్లో కూర్చుని, నాకు ముందే చెప్పుంటే నేను చూసుకోకపోదునా అని ఎవరితోనో అంటోంది. నేను వెళ్లి మంచం అంచున కూర్చున్నాను. సలోమి నా వైపు తిరగకుండానే అంది.

"నా విశ్వాసమే తక్కువైందేమో అక్కా."

అప్పుడైనా చెప్పాల్సింది. విశ్వాసం తక్కువైంది నీకు కాదే తల్లీ అని చెప్పాల్సింది. తెచ్చిన పండ్ల సంచి కిటికీలో పెట్టి వచ్చేశాను.

మొదటి నెలల్లో ఇలా జరుగుతూనే ఉంటుంది, ఎవరి తప్పూ కాదు అని డాక్టర్లు చెప్పారు. ఆ మాటను నేను ఎంతగా పట్టుకుని వేలాడానో మీకు చెప్పలేను. నిజమే అయి ఉంటుంది. కానీ ఉద్యోగం పోయి, నమ్మిన స్నేహితురాలు మోసం చేసిందని కుమిలిపోతూ, తిండి సహించక, ఆ పిల్ల గడిపిన ఆ కొద్ది వారాలు? అవి నేను ఇచ్చినవి. దానికీ దీనికీ సంబంధం ఉందా లేదా? నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఆమెకు మళ్లీ నెల తప్పలేదు.

నా కుర్చీ నాకు మిగిలింది. పెద్దది కూడా అయింది. సలోమి వాళ్లింటి దగ్గర ఒక స్కూలు ఆఫీసులో చేరింది. ఆమెది మా సంఘం కాదు కాబట్టి ఆదివారాలు ఎదురుపడే బాధ లేదు. పండక్కీ, పుట్టినరోజుకీ ఆమే ఫోను చేసేది. కష్టకాలంలో నువ్వొక్కదానివే నా పక్కన నిలబడ్డవ్ అక్కా అనేది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేతికి వచ్చేది కాదు.

ప్రభువు బల్ల దగ్గరికి నేను వెళ్లలేకపోయాను. మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. తోటివాళ్లతో ఉన్న తగవు సరిచేసుకోకుండా తీసుకోకూడదని మాకు చిన్నప్పుడే నేర్పారు. తీసుకోకుండా కూర్చుంటే ఎందుకని అడుగుతారు. అందుకని మొదటి ఆదివారం సండే స్కూలు పిల్లలను నేను చూసుకుంటానని ముందుకొచ్చాను. వెనక గదిలో పిల్లలకు పాటలు నేర్పుతూ, గోడ అవతల రొట్టె విరవడానికి ముందు అందరూ మౌనమైపోవడం వింటూ ఉండేదాన్ని. ఇదీ నేను కనిపెట్టిన ఉపాయం. మా పాస్టరుగారు ఒకసారి అందరి ముందూ నన్ను చూపించి, త్యాగమంటే ఇది, పిల్లల కోసం తన ఆశీర్వాదం వదులుకుంటోంది అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. అప్పటికి నాకు ఆ మాట వింటేనే ఒళ్లు జలదరించేది.

మొన్న శనివారం సలోమి ఫోను చేసింది. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను.

"అక్కా, ఇగ నాతోని అయితలేదు. ఇన్నేండ్లు లలితను మనసుల పెట్టుకొని బల్ల తీసుకున్న. క్షమించిన అని అనుకుంటున్న గానీ, క్షమించలే. రేపు పొయ్యి ఆమెను కలుస్త. నిన్ను క్షమించిన లలితా అని మొకం మీద చెప్త. నువ్వు గూడ రా. క్షమించుమని నేర్పింది నువ్వే గదా."

కళ్ల ముందు కనబడింది. లలిత తలుపు తీస్తుంది. చేయని తప్పుకు సలోమి ఆమెను క్షమిస్తుంది. ఆ పక్కనే నేను నిలబడి ఉంటాను, చేతిలో బైబిలు పట్టుకుని. ఇంత దూరం వచ్చానా నేను? ఇంకెంత దూరం పోతాను?

"లలిత కాదు సలోమీ" అన్నాను. "సార్‌కి చెప్పింది నేను."

కట్ అయిందేమోనని ఫోను చూసుకున్నాను. కాలేదు. మేనేజర్ గదిలో ఏం జరిగిందో, ఏమన్నానో, మొదటి నుంచి చివరి వరకూ చెప్పాను. మా ఆయనకు అప్పుడు ఉద్యోగం లేదన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది చెప్పలేదు. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"నా చేతులు పట్టుకొని ప్రార్థన చేసినవ్ గదా అక్కా, జాబ్ పోవద్దని. అప్పటికే చెప్పేసినవా?"

లేదు అనడానికి అప్పుడు కూడా వీలుంది. ఆమె నమ్మేది కూడా.

"చెప్పేశాను" అన్నాను.

సలోమి ఫోను పెట్టేసింది. తిట్టలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేదని అనుకోవడానికి కూడా నాకు అర్హత లేదు.

అదే రోజు లలిత ఇంటికి వెళ్లాను. ఇప్పుడు వేరే కంపెనీలో పనిచేస్తోంది, నల్లగండ్లలో ఉంటోంది. గుమ్మంలో నిలబడే చెప్పాను. కూర్చోమంది, కూర్చోలేదు. ఆమె మొహం చూస్తూ ఉండగానే మారిపోయింది. కోపం వస్తుందనుకున్నాను. "సలోమికి కడుపు పోయిందా?" అంది. ఆ సంగతే ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా.

ఆ తర్వాత ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. లోపలికి వెళ్లి ఫోను తీసుకుంది. ఇన్నేళ్లైనా సలోమి నంబరు తీసేయలేదు. చాలాసేపు మోగుతున్నట్టుంది. నేను గుమ్మంలోనే ఉన్నాను, పొమ్మని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు.

"సలోమీ" అంది లలిత. "నేనే మే, లలితను." ఇద్దరూ ఏడుస్తున్నారని అర్థమైంది.

తలుపు నేనే దగ్గరికి లాగి వచ్చేశాను. ఆ ఏడుపులో నాకు చోటు లేదు, ఉండకూడదు కూడా. సలోమి నన్ను క్షమించలేదు. లలిత క్షమించలేదు. దేవుణ్ణి ఇంకా అడగలేదు, ఆ ఇద్దరినీ దాటుకుని ఆయన దగ్గరికి వెళ్లడం నాకు చాతకావడం లేదు. మెట్లు దిగుతూ గోడ పట్టుకుని ఏడ్చాను. తేలికగా ఉందని చెప్పడానికి సిగ్గేస్తోంది. కానీ తేలికగా ఉంది.